నీళ్ళ తొట్టిలో నాలుగు లాడాలు

పొద్దున్నే కొలిమి రాజేయడం, బొగ్గు రగిలేలోపు టీ పోసుకోవడం, ఆ గ్లాసు ఎక్కడో పెట్టి మర్చిపోవడం, తర్వాత "నా గ్లాసు ఎవరు తీశారు?" అని తను తప్ప ఇంకెవరూ లేని కొట్టంలో కేకలేయడం. ముప్ఫై ఏళ్ళుగా లాడాలమ్మ పొద్దు ఇలాగే మొదలవుతుంది. ఆవిడ కేకలకి బదులు పలికేది గోడొక్కటే.

గోడంటే మామూలు గోడే. సున్నం పెచ్చులూడిన ఇటుకగోడ. దాని నిండా మేకులు, మేకుకి నాలుగేసి పాత లాడాలు. ఏ గుర్రానికి కొత్త లాడాలు కొట్టినా, ఊడదీసిన పాతవి ఆ గుర్రం మేకుకి ఎక్కుతాయి. అంతకుముందు అక్కడ వేలాడినవి కొలిమిలోకి పోతాయి. గుర్రం ఎక్కడ నడిచినా, ఆ వేళకే దాని లాడాలు గోడమీద నడుస్తాయి. అది పరిగెడితే ఇవీ పరిగెడతాయి, అది నిలబడితే ఇవీ నిలబడతాయి. గుర్రం బతికున్నన్నాళ్ళూ వాటికి తుప్పు పట్టదు. అది పోయిన క్షణాన ఇనుము మీద ఎర్రగా తుప్పు పొంగుతుంది. ఆవిడ తండ్రి కాలంలోనూ అంతే, తాత కాలంలోనూ అంతే. వచ్చేపోయేవాళ్ళు ఆ చప్పుడుని గడియారం చప్పుడులాగే పట్టించుకోరు. గుర్రం కొనేవాళ్ళు మాత్రం ముందు ఇక్కడికొచ్చి గోడకి చెవి ఆనిస్తారు. "అమ్మేవాడి నోరు కాదు, లాడాలమ్మ గోడ విను" అని ఆ చుట్టుపక్కల ఒక మాటుంది.

గోడమీద నలభై గుర్రాల చప్పుడు. అది కాక ఇంకొకటుంది. కాలిన ఇనుమును ముంచే నీళ్ళ తొట్టి అడుగున, నూనెగుడ్డ మూటలోంచి వచ్చే చప్పుడు. టక్, టక్, జర్ర్, టక్. ఆరేళ్ళుగా వస్తోంది. అది వినబడినప్పుడల్లా లాడాలమ్మ సుత్తి ఎత్తి, ఖాళీ దాగలి దిమ్మ మీద నాలుగు దెబ్బలు వేస్తుంది. కింద ఇనుము ఉండదు, చేసే పనీ ఉండదు. బయటనుంచి వినేవాళ్ళు "ఎంత కష్టపడుతుందో పాపం" అనుకుంటారు.

తండ్రి పోయి కొలిమి ఆవిడ చేతికొచ్చిన కొత్తలో, ఏడాది పాటు ఒక్కడు గుర్రాన్ని తోలుకొస్తే ఒట్టు. "ఆడది గుర్రం కాలు పట్టుకోవడమేంటి?" అన్నారు. మొగుడి కాళ్ళు పట్టుకుంటే మురిసిపోయే మహానుభావులే వాళ్ళంతా. అప్పుడు తన గుర్రాల్ని వరసగా తెచ్చి కొట్టం ముందు నిలబెట్టినవాడు పెద్దాయన ఒక్కడే. తాతల నాటినుంచి గుర్రాలు పెంచే ఇల్లు ఆయనది. ఆ గుర్రాలకి నాలుగు కాళ్ళూ మోకాళ్ళదాకా తెలుపు. ఆ తెలుపంటే ఆయనకి ప్రాణం. పుట్టిన పిల్ల ఏడాది నిండేదాకా గడ్డినేల తొక్కకూడదు. ఇసుక పరిచిన దొడ్డిలో ఎండుగడ్డి, గింజలు తింటూ పెరగాలి. "మా పిల్లల కాళ్ళకి పచ్చమరక అంటదు" అని చెప్పుకునేవాడు. ఎవరికి ఏ గుర్రాన్నిచ్చినా ఒకటే షరతు పెట్టేవాడు. దానికి పిల్ల పుడితే, తల్లీపిల్లా వచ్చి ఆ మొదటి ఏడాది ఈ ఇసుకదొడ్డిలోనే గడపాలి.

ఆ తెల్లకాళ్ళ గుర్రాల లాడాలు ముందంచున అరిగేవి. కాలు ఎత్తి వేసే గుర్రానికి లాడం సమంగా అరుగుతుంది. తన కాలు ఎక్కడుందో తనకే తెలియని గుర్రం కొస ఈడుస్తుంది. ఒకదానికైతే సరే అనుకోవచ్చు. తల్లికి, పిన్నికి, మేనమామకి, అన్నలకి, అందరికీ అదే అరుగుడు. లాడాలమ్మ చూసింది. నోరు తెరవబోయింది.

"అమ్మాయ్, ముందంచు కాస్త మందంగా వెయ్యి. మా గుర్రాలది బరువైన నడక" అన్నాడు పెద్దాయన, ఆవిడ ముఖంలోకి చూడకుండా.

వేసింది. ముందంచున ఇంకో ఉక్కుముక్క అతికించి మరీ వేసింది. అరిగేది అరుగుతూనే ఉంటుంది, కనబడటం మానేస్తుంది. వాటి పాత లాడాలు గోడకి ఎక్కలేదు, చప్పుడు వినబడకుండా ఇంటి వెనక గాదె అడుగున గోనెసంచిలోకి పోయాయి. "మా వాటికి గోడెందుకు, మా మాట చాలదూ?" అన్నాడాయన. చాలునంది.

అంతవరకైతే, చేసిన మేలు మరవకూడదుగా అని సర్దిచెప్పుకోవచ్చు. ఆ తర్వాత చేసినదానికి ఏ సర్దుబాటూ అతకదు.

ఆరేళ్ళ కిందట ఆవిడ చెల్లెలు పిల్లలకి స్వారీ నేర్పే బడి పెట్టింది. నెమ్మదైన గుర్రం కావాలని తిరిగి తిరిగి, పెద్దాయన దొడ్డిలో మూడేళ్ళ తెల్లకాళ్ళదాన్ని చూసి మనసు పారేసుకుంది. "గోడ విని చెప్తానండీ" అంది. పెద్దాయన లాడాలమ్మ వైపు చూశాడు. ఆ చూపులో బెదిరింపేమీ లేదు. ఏడాదిపాటు బోసిపోయిన కొట్టం ముందు వచ్చి నిలబడ్డ గుర్రాల వరస ఉంది, అంతే.

లాడాలమ్మ తెల్లకాళ్ళదాని లాడాల్ని మూటగట్టి తొట్టిలో పడేసింది. పాలబండి లాగే గుర్రానివి, కొలిమిలోకి పోవాల్సిన పాతవి నాలుగుంటే, వాటిని గోడకి ఈ చివర కొత్త మేకు కొట్టి తగిలించింది. పాలబండి వీధుల్లో తిరిగే వేళ చూసి మరీ చెల్లెల్ని రమ్మంది.

చెల్లెలు గోడకి చెవి ఆనించి, "అబ్బ! ఎంత సమంగా వేస్తోంది అక్కా అడుగు" అంది.

"ఊఁ" అంది లాడాలమ్మ. ఆ ఒక్క అక్షరం ఆరేళ్ళుగా గొంతులోనే ఉంది. మింగుడు పడదు, కక్కడానికి రాదు.

అప్పటినుంచీ ఆవిడ పాలబండి గుర్రాన్ని కన్నకొడుకులా చూసుకుంటోంది. అది ముసలిది, పళ్ళు అరిగినది. అది పోతే గోడకి రెండు చివర్లా ఒకేసారి తుప్పు పొంగుతుంది మరి. వారం వారం వెళ్ళి గిట్టలు చూస్తుంది, నానబెట్టిన తవుడు పట్టుకెళుతుంది, చలికాలం తన దుప్పటి కప్పుతుంది. పాలాయన చూసి కళ్ళు తుడుచుకుంటాడు. "మూగజీవి మీద ఇంత ప్రేమ ఎక్కడా చూళ్ళేదమ్మా. మీలాంటివాళ్ళుండబట్టే లోకం ఇంకా నిలబడింది." ఆ మాట విన్న రోజు లాడాలమ్మకి అన్నం సయించదు.

సోమవారం పొద్దున, గ్లాసు కోసం వెతుకులాట నడుస్తుండగా చెల్లెలు వచ్చి గుమ్మంలోనే కూలబడింది.

"అక్కా, టీ ఉందా?"

"గ్లాసు దొరికితే ఉంది. ఏంటే ఆ ముఖం, పాలు విరిగినట్టు?"

"తెల్లకాళ్ళది పడిపోయింది. పైన పాప ఉండగా."

లాడాలమ్మ చేతికి అప్పుడే గ్లాసు దొరికింది. పట్టకారు కిందే ఉంది. "పాపకేమైంది?"

"భుజం దగ్గర ఎముక విరిగింది. కట్టు కట్టారు. ఎనిమిదేళ్ళ పిల్ల, ఏడవలేదక్కా. 'మేడమ్, గుర్రానికి దెబ్బ తగిలిందా?' అని నన్నడుగుతోంది. నేల చీలి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది."

"రాయేదైనా…"

"రాయీ లేదు, గొయ్యీ లేదు. పలకలా చదునుగా ఉంది. గుర్రంపిల్ల పుట్టి నెలయింది కదా, తల్లిని నెమ్మదిగా నాలుగడుగులు నడిపిద్దామనుకున్నా. తాడు నా చేతిలోనే ఉంది. పక్క పిల్లాడి జీను వదులైందని ఒక్క క్షణం అటు తిరిగా. తాడు సరిగ్గా పట్టుకోలేదు. నాదే తప్పు."

లాడాలమ్మ గ్లాసు కడుగుతోంది. కడిగిందే మళ్ళీ కడుగుతోంది. "నీ తప్పేం కాదులే" అంది నీళ్ళతో చెబుతున్నట్టు.

"మరెవరిది? గుర్రానిదా? దాని అడుగు ఎలాంటిదో నీ గోడ చెప్పలేదూ? ఆరేళ్ళుగా నువ్వే చూస్తున్నావు దాని కాళ్ళు. గుర్రం మంచిదే, పట్టుకున్నదే మంచిది కాదు." ముక్కు చీదుకుంది. "వాళ్ళ అమ్మ నన్ను ఒక్క మాట కూడా అన్లేదు. తిట్టినా బాగుండేది. బడి మూసేస్తానక్కా. పిల్లల్ని నా చేతుల్లో పెట్టమని ఏ ముఖం పెట్టుకుని అడగను? ఎలాగూ గురువారం తల్లీపిల్లా పెద్దాయన ఇసుకదొడ్డికి వెళ్ళాలి. అవి అటే వెళ్ళిపోతాయి, ఇక్కడ తలుపులకి తాళం పడుతుంది."

తొట్టి అడుగున చప్పుడు మొదలైంది. టక్, టక్, జర్ర్, టక్. అక్కడ గుర్రం కొట్టంలోంచి బయటికొచ్చినట్టుంది. లాడాలమ్మ సుత్తి అందుకుని దాగలి మీద ఠంగున కొట్టింది.

"నేను ఏడుస్తుంటే నీకు పనేంటక్కా?" అంది చెల్లెలు.

"ఇనుము చల్లారిపోతుందే" అంది లాడాలమ్మ. దాగలి మీద ఇనుమే లేదు. చెల్లెలు కళ్ళనిండా నీళ్ళతో ఉంది కాబట్టి చూడలేదు. తేలు కుట్టిన దొంగకి అరవడానికి లేకపోతే పోయె, ఎదుటివాళ్ళ చేత ఓదార్పు మాటలు వినాల్సిన గతి కూడా పడుతుంది ఒక్కోసారి. వెళుతూ వెళుతూ చెల్లెలు ఆవిడ భుజం నిమిరి, "నువ్వేం దిగులు పెట్టుకోకక్కా" అంది. నిమిరినచోట కాలినట్టయింది.

మంగళవారం పాలాయన కబురు పెట్టాడు. ముసలి గుర్రం మేత మానేసింది. లాడాలమ్మ వెళ్ళి దాని మెడ పట్టుకుని కూర్చుంది. పాలాయన వేడినీళ్ళ కోసం అటు పోగానే చెవిలో గొణిగింది: "ఇంకొక్క వారం ఓపిక పట్టరా ముసలోడా. గురువారం దాటనీ. తల్లీపిల్లా వెళ్ళిపోనీ, తర్వాత నీ ఇష్టం."

అన్నాక తన మాట తనకే వినిపించింది. చావబోయే జీవిని తన పరువు కోసం బతకమని బతిమాలుతోంది. అదీ, ఒక నెల గుర్రంపిల్ల తల్లిలాగే కాళ్ళీడ్చే చోటుకి చప్పుడు లేకుండా చేరిపోయేదాకా. గుర్రం ఆవిడ వైపు ఒక కన్ను తిప్పి చూసింది. ఆ కంట్లో కోపం లేదు, అడగడం లేదు. అదే భరించలేకపోయింది. దుప్పటి సర్ది, పాలాయన కృతజ్ఞతలు వినకుండానే వెనక్కొచ్చేసింది.

బుధవారం మధ్యాహ్నం చెల్లెలు తెల్లకాళ్ళదాన్ని నడిపించుకొచ్చింది. వెనకాల గుర్రంపిల్ల, కాళ్ళన్నీ పొడుగే, తల్లికిమల్లే నాలుగు కాళ్ళూ తెలుపే. వాకిట్లో దొరికిన గడ్డిపరకలన్నీ కొరికి చూస్తోంది. వానాకాలం కదా, కొట్టం ముందంతా పచ్చగా ఉంది.

"దీని లాడాలు ఊడదీసేయక్కా. ఇసుకలో ఉండేదానికి లాడాలెందుకు?" అని, తల్లిని కొయ్యకి కట్టి లోపలికొచ్చింది చెల్లెలు. అలవాటుగా గోడ చివరికి వెళ్ళింది. "నీ చప్పుడు ఒక్కసారి విని పోతానే" అని మేకు వైపు వంగి, ఆగిపోయింది.

"అక్కా, ఇదేంటి?"

నాలుగు లాడాల మీదా తుప్పు. అంచులనుంచి మొదలై, చూస్తుండగానే, తడిసిన గుడ్డలో కుంకుమ పాకినట్టు, మధ్యకి పాకుతోంది. గోడకి ఆ చివర, పాలబండి గుర్రం మేకు మీదా అదే ఎరుపు. ముసలోడు వారం ఆగలేదు.

చెల్లెలు చప్పున వాకిట్లోకి చూసింది. తెల్లకాళ్ళది నిక్షేపంగా నిలబడి తోకతో ఈగల్ని తోలుకుంటోంది.

లాడాలమ్మ నోరు ఆడబోయింది, ఆరేళ్ళ అలవాటు కదా. ఏదో ఒకటి అందామనుకునేలోపు చెల్లెలే అంది:

"చెమ్మ తగిలిందేమో అక్కా. వానాకాలం కదా. పెచ్చులూడిన గోడాయె. అంతే అయ్యుంటుంది."

అక్క కోసం అబద్ధాన్ని కూడా తనే కుట్టి, తనే అందించింది. చేయి చాచి వేసుకుంటే చాలు. లాడాలమ్మకి అక్కడే, ఆ క్షణమే, తల కొట్టేసినట్టయింది. ఇంతకాలం దాచింది గుర్రం జబ్బుని అనుకుంది. దాని వెనకాల తాకట్టు పెట్టింది చెల్లెలి నమ్మకాన్ని.

"చెమ్మ కాదే" అంది. తొట్టి దగ్గరికెళ్ళి, మోచేతులదాకా నీళ్ళలో పెట్టి, మూట పైకి తీసి విప్పింది.

నాలుగు లాడాలు. అన్నాళ్ళూ నీళ్ళలో నానినా ఇవాళే కొలిమిలోంచి తీసినట్టు తళతళలాడుతున్నాయి. ముందంచున అతికిన ఉక్కు సగానికి పైగా అరిగిపోయి ఉంది.

"తెల్లకాళ్ళదానివి ఇవి. అవి పాలబండి గుర్రానివి. నువ్వు కొన్ననాడే మార్చాను. ఇప్పటిదాకా మారుస్తూనే ఉన్నాను."

చెల్లెలు వాకిట్లోకి వెళ్ళి తాడు విప్పి, గుర్రాన్ని గుండ్రంగా నడిపించింది. గుమ్మంలో నిలబడ్డ లాడాలమ్మ అరచేతుల్లో లాడాలు కదిలాయి. టక్, టక్, జర్ర్, టక్. ఆపింది. ఇవీ ఆగాయి. నడిపించింది. టక్, టక్, జర్ర్, టక్. మూడు చుట్లు తిప్పింది. ఈసారి చెల్లెలు కాళ్ళకేసే చూస్తూ నడిచింది. ముందెన్నడూ చూడలేదు. అక్క చూస్తోంది కదా అని చూడలేదు.

మూడో చుట్టు అయ్యాక గుమ్మం దగ్గరికొచ్చింది. లోపలికి రాలేదు.

"పాప విరిగిన ఎముక పట్టుకుని గుర్రం గురించి అడిగిందని చెప్పాను చూడు. అప్పుడు నువ్వు గ్లాసు కడుగుతున్నావు."

"అవును."

"తప్పు నాదే అన్నాను. అననిచ్చావు."

"అవునే."

"నన్ను 'అవునే', 'కాదే' అనకు" అంది చెల్లెలు. గుర్రంపిల్ల తల్లి పొట్ట కిందికి దూరి పాలు తాగుతోంది. దాని వైపు చూసి, గొంతు మార్చి, "డాక్టరమ్మకి ఫోన్ చెయ్యి. నా ఫోన్‌లోంచి కాదు, నీ ఫోన్‌లోంచి. నీ నోటితో చెప్పు" అంది.

గుర్రాల డాక్టరమ్మ గంటలో వచ్చింది. తల్లిని నడిపించి చూసింది, కాళ్ళు ఎడంగా పెట్టి నిలబెడితే సర్దుకుంటుందేమో చూసింది, సర్దుకోలేదు. ఆ లాడాల్నీ, లాడాలమ్మ గోనెసంచిలోంచి తీసిచ్చిన ఆ వంశం లాడాల్నీ అరచేతిలో పెట్టుకుని చాలాసేపు విన్నది.

"వెన్నులో నరాల జబ్బు. వంశంలో వస్తుంది" అంది. "బతికున్న గుర్రానికి ఫలానా జబ్బేనని రూఢిగా చెప్పే పరీక్ష లేదు, చచ్చాక వెన్ను కోసి చూడాల్సిందే. ఇన్ని గుర్రాల చప్పుడు మీ దగ్గరుండబట్టి ఇంత ధైర్యంగా చెప్తున్నా. ఉండీ దాచారు చూడండి, దానికి నా దగ్గర మందు లేదు."

లాడాలమ్మ తల దించుకుంది.

"తల్లి సంగతి ఇంతే. బాగవదు. ఎవర్నీ ఎక్కించకూడదు, ఇంకో ఈత ఈనకూడదు. పిల్లకి వంశంలో వచ్చేది వచ్చే ఉంటుంది, రాకపోయీ ఉండొచ్చు. వచ్చినా అంతా అయిపోయినట్టు కాదు. మొదటి ఏడాది పచ్చగడ్డి దొరికితే చాలా పిల్లలు గట్టెక్కుతాయి. పచ్చికలో విటమిన్ ఇ ఉంటుంది. గడ్డి కోసి ఎండేస్తే అది చాలావరకు పోతుంది. నరం పెరిగే వయసులో అది లేక, వంశంలోది తోడై, ఈ గతి పడుతుంది. రేపటినుంచి పిల్లకి నూనెమందు రాసిస్తా, రోజూ పట్టండి. రక్తం తీసుకెళతా. అన్నిటికన్నా ముందు దీన్ని గడ్డిలో వదలండి. ఏ పుణ్యాత్ముడు చెప్పాడో గానీ, ఇసుకలో ఎండుగడ్డితో పెంచితే చేజేతులా…" అని ఆగి, "మాట ఇవ్వను. రెండేళ్ళు నిండితే తెలుస్తుంది" అంది.

చెల్లెలు లాడాలు ఊడదీయించకుండానే తల్లినీ పిల్లనీ తోలుకుని వెళ్ళిపోయింది. వెళుతూ వెనక్కి చూడలేదు. ఆ లాడాల్ని తర్వాత వేరే ఊరి లాడాలాయన వచ్చి ఊడదీశాడట.

గురువారం పెద్దాయన వాన్ తీసుకుని చెల్లెలి ఇంటికి వెళితే, "మీ లాడాలమ్మనడగండి" అని తలుపేసిందట. ఊతకర్ర చప్పుడు చేసుకుంటూ కొట్టానికొచ్చాడు. ముఖం కందగడ్డయింది.

"ఏమ్మాయ్, నా పరువు నిలబెడతావనుకున్నా. వీధిలో పడేశావట?"

"ఇంకా పడెయ్యలేదు అయ్యగారూ. ఇప్పుడే తగిలించాను. వినండి" అంది లాడాలమ్మ.

పొద్దున్నుంచి ఆవిడ చేసిన పని అదే. గోనెసంచి గుమ్మరించి, తుప్పు పట్టనివి ఏరి, తెల్లకాళ్ళ వంశాన్నంతా గోడ నడుమ వరసగా తగిలించింది. పైన తల్లి, పక్కన పిన్ని, మేనమామ, వాళ్ళ కింద అన్నలిద్దరు, అందరికన్నా కింద తెల్లకాళ్ళది. ఒకటి ఎక్కడో బండి లాగుతోంది, ఒకటి ఇంకెక్కడో మేతకి వెళుతోంది. ఎవరి తొందర వాళ్ళది. ఈడ్పు మాత్రం అందరిదీ ఒకటే. జర్ర్. జర్ర్. జర్ర్.

పెద్దాయన తిట్టడానికే నోరు తెరిచాడు. తిట్టు బయటికి రాకముందే గోడ దగ్గరికొచ్చి చెవి ఆనించాడు. చాలాసేపు తియ్యలేదు.

"ఇది మా వాకిట్లో చప్పుడు" అన్నాడు చివరికి. "చిన్నప్పుడు దీనికే నిద్ర లేచేవాణ్ణి. లోకంలో గుర్రాలన్నీ ఇలాగే నడుస్తాయనుకున్నా. మా నాన్న దీన్ని బరువైన నడక అనేవాడు. వేరే గుర్రాలు నడిస్తే తేలికరకం అని నవ్వేవాళ్ళం."

లాడాలమ్మ ఖాళీ గోనెసంచి మడత పెడుతోంది.

"తర్వాత తెలిసింది" అన్నాడు గోడతోనే. "తెలియకపోతే నీ చేత ఉక్కెందుకు వేయిస్తాను?"

"వేసింది నేనే కదా అయ్యగారూ."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. ఇద్దరికీ చూపు పెట్టుకోవడానికి చోటు లేక గోడకేసే చూస్తూ నిలబడ్డారు. కాసేపటికి పెద్దాయన ఊతకర్ర వెతుక్కుని, "పిల్లని అక్కడే ఉండనిమ్మను" అని వెళ్ళిపోయాడు. ఆ వారం ఇసుకదొడ్డి తలుపులు ఊడదీయించి, ఉన్న పిల్లలన్నిటినీ పచ్చికలోకి తోలించాడని పాలాయన చెప్పాడు. పాలాయన కొత్త గుర్రం కొన్నాడు. లాడాలమ్మ ఆయనకీ జరిగింది చెప్పింది. ఆయన కొత్త గుర్రం పగ్గం సర్దుతూ, "దుప్పటి మాత్రం నిజంగా వెచ్చగానే ఉండేదమ్మా దానికి" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

లాడాలమ్మ పాప ఇంటికి వెళ్ళి చెప్పింది. ఆ వంశం గుర్రాలు కొన్న ప్రతి ఇంటికీ వెళ్ళి చెప్పింది. ఒకచోట కుర్చీ వేశారు, రెండుచోట్ల కుక్కని వదిలారు. గోడకి నలభై మేకులుండేవి, నమ్మకం పోయినవాళ్ళు తమ లాడాలు పట్టుకుపోగా పదిహేడు మిగిలాయి. తాడు పట్టుకున్నదాని తప్పు కాదని తెలిశాక చెల్లెలి బడి తలుపులు తెరుచుకున్నాయి, పిల్లలు వచ్చారు. అక్కతో మాత్రం చెల్లెలు మాట్లాడలేదు. వీధిలో ఎదురైతే పక్కకి తప్పుకునేది కూడా కాదు. గాలిలోంచి నడిచినట్టు నడిచి వెళ్ళిపోయేది.

తెల్లకాళ్ళదాని లాడాలు గోడ నడుమ మేకుకే ఉన్నాయి. అవి రోజంతా మెల్లగా ఈడుస్తూ మేసేవి. వాటి మీద తుప్పు లేదని చూసుకున్నాకే ఆవిడ కొలిమి రాజేసేది. కానీ గుర్రంపిల్లకి లాడాల్లేవు. లేత గిట్టలకి కొట్టరు. దాని గురించి గోడకి ఏమీ తెలియదు. రెండేళ్ళు, నలభై చప్పుళ్ళలో పదిహేడే మిగిలిన ఆ కొట్టంలో, ఆవిడ చెవి అంతా లేని ఆ ఒక్క చప్పుడు మీదే ఉండేది. దాగలి మీద ఉత్తి దెబ్బలు వేయడం మానేసింది.

మూడో వానాకాలం వచ్చాక, ఒక పొద్దున చెల్లెలు గుమ్మంలో నిలబడింది. తాడు చివర తెల్లకాళ్ళ పడుచుగుర్రం. మోకాళ్ళదాకా తెలుపు, ఆ తెలుపు మీద కడిగినా పోని పచ్చమరకలు.

"లాడాలు కొట్టాలి" అంది చెల్లెలు, అంగట్లో ఉప్పు అడిగినట్టు.

కొట్టింది. ముందంచుకి పిసరంత ఉక్కు కూడా ఎక్కువ వేయలేదు. చెల్లెలు తీసుకుని వెళ్ళిపోయింది. ఆరువారాలకి మళ్ళీ వచ్చింది. లాడాలమ్మ పాతవి ఊడదీసి, కొత్తవి కొట్టి, పాత నాలుగూ చేతిలో పట్టుకుని నిలబడింది. అరుగుడు కళ్ళకి కనబడుతోంది. కానీ ఆవిడ ఏమీ అనలేదు. తన కళ్ళు ఏం చూశాయో చెప్పే హక్కు తనకి లేదని రెండేళ్ళనుంచీ తెలుసు.

"ఈసారి ఏ గుర్రానివి తగిలిస్తావక్కా?" అంది చెల్లెలు.

పని మాట కాకుండా, రెండేళ్ళలో అదే మొదటి మాట. కత్తిలా దిగింది, అయినా చివర 'అక్కా' ఉంది.

లాడాలమ్మ లాడాలు, మేకు, సుత్తి చెల్లెలి చేతిలో పెట్టింది. "నువ్వే కొట్టుకో" అని, తాడు అందుకుని, గుర్రాన్ని వాకిట్లోకి నడిపించింది.

వాకిట్లోంచి గోడ వినబడదు. గడ్డి తడిగా ఉంది, గుర్రం అడుగులు మెత్తగా పడుతున్నాయి. ఆవిడ కింద చూడలేదు. చూసే ధైర్యం లేదు. లోపల మేకు దిగిన దెబ్బలు మూడు వినిపించాయి. తర్వాత ఏమీ లేదు. చెల్లెలు గోడకి చెవి ఆనించి ఉంటుంది. ఒక చుట్టు అయింది. రెండో చుట్టు సగం అయింది.

అప్పుడు లోపలనుంచి దాగలి మోగింది. చెల్లెలు సుత్తితో, గోడ చెప్పింది చెప్పినట్టు, బయటున్న అక్కకి వినబడేలా కొడుతోంది.

టక్, టక్, టక్, టక్.

మళ్ళీ, టక్, టక్, టక్, టక్. ఏ దెబ్బా వెనకబడలేదు, ఏదీ ఈడవలేదు.

లాడాలమ్మ ఆగలేదు. ఆగితే గుర్రం ఆగుతుంది, గుర్రం ఆగితే లోపల సుత్తి ఆగుతుంది. తల దించుకునే, తడిగడ్డిలో ఇంకో చుట్టు తిప్పింది.